పరుపు కొలిచే ముందు



పరుపు కొనడం కూడా ఆత్మకు సంబంధించిన విషయమేనా అని మీరు నవ్వుకోవచ్చు. మూడడుగులదా, నాలుగడుగులదా, ఆరడుగులదా అన్నది అంగట్లో తేలే సంగతేగాని గుడిలో తేలేది కాదు గదా! అయినా ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే మన ఇంట్లో ఎవరికి ఎంత చోటు ఉందో చెప్పేది పడకగదే.

తెనాలిలో మేడమీద వాటాలో ఉంటున్న ఒక కుటుంబం సంగతి చెబుతాను. భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు. పిల్లల గది పదడుగుల చదరం. అందులోని పాత నవారు మంచం కుంగిపోయింది. పండుగ బోనసు చేతికి రాగానే, పిల్లలు ఎదుగుతున్నారు, ఆరడుగుల వెడల్పు పరుపు కొందామని తండ్రి నిశ్చయించుకున్నాడు. సరిగ్గా ఆ నెలలోనే, రేపల్లె దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటున్న అతని తల్లి కంటి ఆపరేషను చేయించుకొని, ఇక వీళ్ల దగ్గరే ఉండిపోవడానికి రావలసి ఉంది.

"మరి అత్తయ్యగారిని ఎక్కడ పడుకోబెడదామండీ?" అని భార్య అడిగింది.

"హాల్లో మడత మంచం వేద్దాంలే. పొద్దున్నే తీసేయవచ్చు."

ఫోనులో తల్లిని అడిగితే ఏమన్నదో మీరు ఊహించగలరు. "నాదేముంది నాయనా, ఏ మూలో ఓ చాప పడేస్తే నడుం వాలుస్తాను." తల్లులు అలాగే అంటారు. వాళ్లు ఆ మాట అనడం ప్రేమ. ఆ మాటను పట్టుకొని మనం నిశ్చింతగా ఉండిపోవడం మన తప్పు.

హాల్లో మడత మంచం మీద పడుకునే మనిషికి టీవీ కట్టేదాకా నిద్ర ఉండదు. పాలవాడు తలుపు కొట్టేసరికి లేవాలి. ఒంట్లో బాగాలేక పగలు కాసేపు పడుకుందామన్నా మంచం గోడకు ఆనించి ఉంటుంది. తన కొడుకు ఇంట్లోనే ఆమె చుట్టంగా బతకాలి.

ఆ ఇల్లాలు సుద్దముక్క తీసుకొని గది నేలమీద గీతలు గీసింది. డెబ్బై ఎనిమిది అంగుళాల పొడవు, డెబ్బై రెండు అంగుళాల వెడల్పు పరుపును గోడకు ఆనించి వేస్తే పక్కన మిగిలేది నాలుగడుగులు. ఇంకో మంచం వేస్తే మనిషి నడవడానికే ఇబ్బంది. ఆ గీతలు చెరిపి, పిల్లలిద్దరికీ కలిపి నాలుగడుగుల పరుపు, ఎదురు గోడకు మూడడుగుల పరుపు గీసింది. మధ్యలో మూడడుగుల దారి మిగిలింది. కాళ్లవైపు బీరువాకు కూడా చోటు దొరికింది. పిల్లలకు తలా రెండడుగుల వెడల్పు వస్తుంది. పెద్దపిల్ల చూసి, "ఇది నానమ్మదా?" అని ఆ మూడడుగుల గీతల మధ్య పడుకొని చూసింది. తండ్రి ఇక మారుమాట్లాడలేదు.

విశాలమైన పరుపు కోరుకోవడం పాపమా? కాదు. నిద్ర దేవుడిచ్చిన వరం. నడుము నొప్పితో బాధపడేవారికి, గర్భిణికి, చంటిబిడ్డను పక్కలో వేసుకునే తల్లికి చోటు కావాలి. చిన్న పరుపు దానంతటదే పుణ్యం కాదు. కొత్త దంపతులకు తలుపు వేసుకునే గది ఒకటి ఉండడమూ న్యాయమే. మనం వేసుకోవలసిన ప్రశ్న వేరు: నేను కాళ్లు చాపుకోవడానికి ఇంకెవరి చోటు తీసుకుంటున్నాను?

లూకా సువార్త 11వ అధ్యాయంలో క్రీస్తు ప్రభువు చెప్పిన ఉపమానం గుర్తుందా? అర్ధరాత్రి స్నేహితుడు వచ్చి రొట్టెలడుగుతాడు. లోపలివాడు, పిల్లలు తనతోపాటు పడుకొని ఉన్నారని, లేవలేనని అంటాడు. ప్రభువు ఎరిగిన ఇళ్లు అటువంటివే. తల వాల్చుకోవడానికి తనకు చోటు లేదని చెప్పిన ప్రభువు, చోటు లేనివారి ముఖంతోనే మన గడప ముందు నిలబడతాడు.

పునీత మార్టినుగారి కథ మనకు తెలిసిందే. చలిలో వణుకుతున్న బిచ్చగానికి ఆయన తన అంగీ మొత్తం ఇవ్వలేదు. కత్తితో రెండుగా కోసి సగం ఇచ్చి, సగం తాను కప్పుకున్నాడు. ఇద్దరికీ చలి కొంత తగ్గింది, ఇద్దరికీ కొంత మిగిలింది. కుటుంబంలో మనం చేయగలిగిన త్యాగం చాలాసార్లు ఇంతే. ఆరడుగులు నాలుగడుగులవుతుంది, అంతకంటే ఏమీ పోదు.

ఇంకో మాట. బాపట్ల వైపు గాని, మరెక్కడ గాని, పెళ్లి సారెలో మంచం, పరుపు ఫలానా కొలతే ఉండాలని పట్టుబట్టే మగపెళ్లివారు మన విచారణల్లోనూ ఉన్నారు. వరకట్నాన్ని నిషేధిస్తూ 1961లోనే చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఆడపిల్ల తండ్రి అప్పుచేసి కొన్న పరుపు మీద అల్లుడికి నిద్ర ఎలా పడుతుంది?

అందుచేత ఈసారి పరుపు కొనబోయే ముందు, గదికంటే ముందుగా మనుషులను కొలవండి. ఇప్పుడున్నవారు ఎందరు? రేపు రాబోయేవారు ఎవరు? తలుపు, బీరువా తెరుచుకోవడానికి చోటుందా? వానాకాలం చెమ్మ పట్టకుండా గోడకు బెత్తెడు ఎడం ఉంటుందా? పొడుగు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. మనిషి ఎత్తుకంటే జానెడు ఎక్కువే ఉండాలి.

రెండవ వాటికన్ మహాసభ కుటుంబాన్ని గృహసభ అన్నది. తెనాలిలోని ఆ ఇంట్లో రెండు పరుపుల మధ్య మిగిలిన మూడడుగుల చోటులో ఇప్పుడు రాత్రిపూట పిల్లలు మోకరిస్తారు. కళ్లు సరిగా ఆనని నానమ్మ తన మంచం మీద కూర్చొని జపమాల చెప్పిస్తుంది. ఆరడుగుల పరుపు కొని ఉంటే ఆ చోటూ ఉండేది కాదు, ఆ గొంతూ ఆ గదిలో వినిపించేది కాదు.

మీ ఇంట్లో అలాంటి చోటు ఎంత మిగిలిందో ఈ రాత్రి ఒకసారి చూసుకోండి.