బెదరిన గుఱ్ఱపు పిల్ల



సాయంకాలమున కళింగపట్నములో వంశధార సముద్రమున కలియు చోటికి నడచి వచ్చుట మాకు అలవాటు. కొన్ని వారములుగా అక్కడ ఒక సహోదరుడు మూడేండ్ల ఆడగుఱ్ఱమునకు సవారి నేర్పుచున్నాడు. పాడేరు మన్యములో సరియైన బాటలు లేని కొండయూళ్లవారు గుఱ్ఱములమీద బరువులు వేసికొని సంతకు పోవుదురు గదా, ఆ ప్రాంతమునుండి తెచ్చినది. బహు సున్నితమైనది. అలల నురుగు కాళ్లయొద్దకు వచ్చినంతనే చెవులు నిక్కించి, ప్రక్కకు దుమికి, వణకుచు నిలుచును.

మొదటి దినమున మేము నవ్వి, "రెండు తగిలించరాదా?" అంటిమి.

"కొడితే ఈ రోజుకి నీళ్లలోకి దిగుతాదండి అయ్యగారూ. రేపటినుంచి నీళ్లకీ బెదురుతాది, నాకూ బెదురుతాది. అప్పుడు నాకు రెండు పనులు" అని ఆయన చెప్పెను. ఆ మాట మమ్మును విడువలేదు.

ఆయన చేయు విధము చూడుడి. పగ్గమును నీటివైపు కొంచెము బిగించును. అది అరయడుగు వేసినను వెంటనే వదులు చేయును. ఆ వదులే దానికి బహుమానము. ఆలస్యమైనయెడల ఏమి చేసినందుకు విడిచిరో దానికి తెలియదు. జీను కట్టుటకు ముందు ఎన్నో దినములు వట్టి గోనెపట్టా వీపున వేసి తీయుచుండెను. నెమ్మదిగల ముసలి గుఱ్ఱమునొకదానిని ప్రక్కన నడిపించును. గుఱ్ఱమునకు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచేత ఇంచుమించు చుట్టును చూడగలదు గాని, సరిగా ముక్కు ముందరిదియు తోక వెనుకటిదియు కనబడవు. ఈగ వ్రాలినను చర్మము అదురును. పరుగే రక్షణగా సృజింపబడిన జంతువు. దాని బెదురును మనము పొగరు అనుచున్నాము.

ప్రభువు యెరూషలేములో ప్రవేశించినప్పుడు ఎక్కినది అంతవరకు ఎవరును కూర్చుండని గాడిదపిల్ల. దాని తల్లినికూడ తోలుకొని రమ్మనెనని మత్తయి ఒక్కడే వ్రాసెను. వ్యాఖ్యానకర్తలు ఏవేవో చెప్పుదురు గాని, ఆ ముసలి గుఱ్ఱమును చూచిన పిమ్మట, జనుల కేకల నడుమ పిల్ల బెదరకుండుటకే తల్లిని తెప్పించెనని మాకు తోచుచున్నది. అక్కడ మత్తయి రాజును సాత్వికుడనుచున్నాడు. క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దములో గుఱ్ఱపు స్వారినిగూర్చి గ్రంథము వ్రాసిన క్సెనొఫోను అను గ్రీకువాడు, శిక్షకునికి అప్పగింపదగిన పిల్ల ఎట్లుండవలెనో చెప్పుచు ఆ గ్రీకు మాటనే వాడెను. కోపముతో గుఱ్ఱము జోలికి పోవద్దనియు అతడు వ్రాసెను.

"ఇట్లయితే క్రమశిక్ష యేది?" అని మా సంఘపెద్ద యొకరు అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. అయితే ఆ సహోదరుడు ఒక్క సాయంకాలమైనను నీటియొద్దకు పోకుండ ఇంటికి మరలలేదు. పగ్గమును చేతినుండి జారవిడువలేదు.

బిలాము తన గాడిదను మూడు మారులు కొట్టెను. దానికి కనబడిన దూత అతనికి కనబడలేదు. ఈ కథను మేము ఎన్నిమారులో ప్రసంగించితిమి. నిరుడు క్రిస్మసు ఆరాధనలో పదేండ్ల బాలుడొకడు కంఠతా వాక్యము చెప్పుటకు లేచి, వణకుచు నోరు మెదపక నిలిచెను. మొండితనమనుకొని అందరియెదుట గద్దించితిమి. నాటినుండి వాడు ఆదివారపు బడికి రాలేదు. ఏమి చూచి బెదరితివని మేము అడుగనే లేదు.

గడచిన గురువారము వాని యింటికి వెళ్లి అరుగుమీద కూర్చుంటిమి. వాడు తలుపు చాటుననే యుండెను. మేము వాక్యము ఊసెత్తక, వాని తల్లితో గుఱ్ఱపు పిల్ల సంగతులు చెప్పుచుంటిమి. అది నురుగును చూచి దుమికిన వైనము చెప్పునప్పుడు తలుపు సందున ఒక కన్ను కనబడెను. అంతటితో లేచి, మరుసటి గురువారము వత్తుమని ఆమెతో చెప్పి వచ్చితిమి.