చేసుకున్నంత

మా అంగట్లో నాలుగు కుట్టుమిషన్లు, నాలుగు కత్తెరలు ఉన్నాయి. ఆమె పనికొచ్చిన మొదటి వారమంతా సాయంత్రం తలుపు వేసేముందు నేను ఆ కత్తెరలు లెక్కపెట్టుకున్నాను. ఎవరికీ తెలియకుండా, పేలికలు ఊడుస్తున్నట్టు వంగి చూసుకునేదాన్ని. ఎనిమిదో రోజు ఆమే నాలుగు కత్తెరలూ తెచ్చి, మొనలన్నీ ఒకవైపుకు పేర్చి, నా ముందు బల్ల మీద పెట్టింది. "నాలుగక్కా" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె ముఖంలో మాత్రం నిష్ఠూరం లేదు. జైల్లో కుట్టుపని అయిపోగానే కత్తెరలూ సూదులూ లెక్క ఒప్పజెప్పాకే బ్యారక్‌కు పంపుతారట. ఏడేళ్ల అలవాటు. ఎవరికైనా లెక్క చెప్తేగాని పని ముగిసినట్టుండదట.

ఆమె పేరు రాయను, ఊరు రాయను. తప్పు చేయలేదని కూడా రాయను. చేసింది. మొగుడి చావు తన చేతుల మీదే జరిగిందని నాకు ఒకేఒక్కసారి చెప్పింది. ఎందుకో చెప్పబోయి ఆపేసింది. నేనూ తవ్వలేదు. జైలుకు పోయిన ఆడవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు అన్యాయంగా ఇరుక్కున్నవాళ్ల కథలే మనకు నచ్చుతాయి. వాళ్ల మీద జాలిపడటానికి మన మనసును పెద్దగా కష్టపెట్టనక్కర్లేదు. నా ప్రశ్న నిజంగా తప్పు చేసి, శిక్ష పడి, తిరిగొచ్చిన మనిషి గురించి. ఆమెకు మనం ఏమవుతాం?

2013లో లోపలికి పోయింది. 2020 నవంబర్లో రాష్ట్ర ప్రభుత్వం ఐదేళ్ల శిక్ష పూర్తయిన మహిళా జీవితఖైదీలను 50 మందికి పైగా విడుదల చేసినప్పుడు కడప జైలు నుంచి బయటపడింది. కరోనా కాలం. ఊరంతా మూతికి గుడ్డలు కట్టుకుని తిరుగుతున్నారు. ఆ కాలమంతా ఎంతో హాయిగా ఉండిందని చెప్తుంది, తననెవరూ గుర్తుపట్టలేదు కాబట్టి. మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో తొక్క తీసే పనికి పోయింది. మాస్కులు దిగాయి, ముఖం తెలిసింది. మర్నాడు గేటు దగ్గరే కూలి లెక్కగట్టి పంపేశారు. రేషన్ కార్డులో పేరు లేదు. బ్యాంకు ఖాతా మూలబడింది. పొదుపు సంఘంలో ఆమె పేరు ఎత్తగానే పదిమందీ నేలచూపులు చూశారు. ఒకామె మాత్రం, "చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత మహదేవా" అంది.

ఆ సామెత నేనూ చాలాసార్లు వాడినదాన్నే. ఆ రోజు రాత్రి మాత్రం అది నా చెవిలో వేరేగా పలికింది. చేసుకున్న"అంత". అంటే దానికి ఒక కొలత ఉంది. జాకెట్టు గుడ్డకు మీటరు కొలత ఉన్నట్టు, పాపానికీ ఒక కొలత ఉందని మన పెద్దలే ఆ ఒక్క మాటలో పెట్టారు. మనమే కొలత తీసి పక్కనపెట్టి, గుడ్డ చించుకుంటూ పోతున్నాం.

మాకు కాణిపాకం దగ్గర. వినాయకుడి గుడి పక్కన పారే బాహుదా నదికి ఆ పేరెట్లా వచ్చిందో మా వైపు పిల్లలకు కూడా తెలుసు. శంఖుడు, లిఖితుడు అని అన్నదమ్ములు. ఆకలికి ఓర్వలేక తమ్ముడు ఒకరి తోపులో అడక్కుండా మామిడిపండు కోసి తిన్నాడు. రాజు అతని చేతులు నరికించాడు. ఆ ఏట్లో మునిగి లేస్తే చేతులు మళ్లీ వచ్చాయి. బాహువులిచ్చింది కాబట్టి బాహుద. ఇదే కథ మహాభారతం శాంతిపర్వంలోనూ ఉంది. అక్కడ తోట అన్నగారిదే. రాజు దగ్గరికి పోయి తప్పు ఒప్పుకో అని తమ్ముణ్ని పంపింది అన్నే. రాజు సుద్యుమ్నుడు, శిక్షించే హక్కు ఉన్నవాడికి క్షమించే హక్కూ ఉంది కదా అని వదిలేయబోయాడు. లిఖితుడే ఒప్పుకోలేదు. చేతులు పోగొట్టుకుని అన్న దగ్గరికే తిరిగొచ్చాడు. అన్న కోపంగా లేడు, నీ ధర్మం తీరిపోయింది, పోయి నదిలో మునిగి తర్పణం వదులు అన్నాడు. చేతులొచ్చాక తమ్ముడు అడిగాడు: ఇంత తపశ్శక్తి ఉన్నవాడివి, నన్ను ముందే ఎందుకు శుద్ధి చేయలేదు? అన్న చెప్పిన జవాబు నన్ను ఈ మధ్య వదలడం లేదు. నిన్ను దండించే అధికారం నాది కాదు, రాజుది అన్నాడు.

పండ్లు పోగొట్టుకున్నవాడు అన్న మాట అది. మనం ఏమీ పోగొట్టుకోని వాళ్లం. మనకెక్కడి అధికారం?

రాజదండన అనుభవించినవాడు పుణ్యం చేసుకున్నవాడితో సమానంగా నిర్మలుడవుతాడని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోనూ ఉంది. ఆడవాళ్ల గురించి ఆ పుస్తకంలో ఉన్న చాలా మాటలు నేను ఒప్పుకోను. శాస్త్రం శాస్త్రం అనేవాళ్లు ఈ మాటను మాత్రం ఎందుకు దాటేసిపోతారో అడగాలనిపిస్తుంది.

ఇక్కడ ఒక మనిషిని తప్పించుకుని పోలేను. చనిపోయినవాడి తల్లి. "ఏడేండ్లకే నా కొడుకు ప్రాణం చెల్లిపోయిందా?" అని ఆమె మా అంగడి ముందే నిలబడి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఏడేళ్లకు కాదు, డెబ్భై ఏళ్లకైనా చెల్లదు. ఆమె తరఫున క్షమించడానికి నేనెవర్ని? శిక్ష నా చేతిలో లేనట్టే క్షమాపణా నా చేతిలో లేదు. అయితే శంఖుడు ఏమిచ్చాడు? మునిగి లేవడానికి ఒక ఏరు చూపించాడు. రాజు ఎంత లోతుగా నరికాడని కొలవలేదు.

కొడుకు పోయినా ఆ అత్త ఒక దారి తెరిచింది. కాణిపాకంలో తడిబట్టలతో నిలబడి తాను చేయలేదని ప్రమాణం చేస్తే ఇంటికి రానిస్తాను, బిడ్డను చూపిస్తాను అంది. ఊళ్లో పెద్దమనుషులు కూడా అది బాగుందన్నారు. కాణిపాకం ప్రమాణం అంటే మా జిల్లాలో కోర్టు కంటే పైమాట. కోడలు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు మిషన్ ముందు కూర్చుని, "చేసినదాన్ని చేయలేదని ఆ సామి ముందర ఎట్లక్కా చెప్పేది?" అంది.

అబద్ధం చెప్తే ఇల్లు దొరుకుతుంది. నిజం చెప్పింది కాబట్టి దొరకలేదు. ఊరు నిరపరాధిని తీసుకోవడానికి సిద్ధంగానే ఉంది. శిక్ష తీరినదాన్ని తీసుకోవడానికే చేతులు రాలేదు.

బిడ్డ సంగతి చెప్పాలి. తల్లి జైలుకు పోయేటప్పటికి దానికి రెండేళ్లు. ఆరేళ్లు నిండేదాకా తల్లితోపాటు జైల్లో ఉండవచ్చని 2006లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం పేరుతో ఉన్న కేసులోనే చెప్పింది. అట్లా నాలుగేళ్లు తల్లి పక్కనే పెరిగింది. ఆరు నిండగానే అవ్వ ఇంటికి. మన జైళ్లలో ఆడవాళ్లు నూటికి నలుగురైదుగురే, అందుకే ఆడవాళ్ల జైళ్లూ తక్కువే. మా వాళ్లు ములాఖత్‌కు పోవాలంటే పీలేరు, రాయచోటి మీదుగా కడప పోవాలి. ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు వేరే. ఆ మూడేళ్లలో పిల్లను నాలుగుసార్లు చూసిందట. నాలుగుసార్లూ ఏ రంగు గౌను వేసుకుందో ఇప్పటికీ చెప్తుంది.

నేను ఆమెకు చేసింది పెద్దదేం కాదు. అంగడి వెనక గది ఇచ్చాను. బ్యాంకుకు, సచివాలయానికి వెంట పోయాను. మూడు నెలలకోసారి స్టేషన్లో సంతకం పెట్టే రోజు బయట బెంచీ మీద కూర్చున్నాను. సంతకం కంటే, తోడు లేకుండా ఆ మెట్లు ఎక్కడమే ఆమెకు కష్టం. మొదట్లో మూసి ఉన్న తలుపు ముందు అట్లాగే నిలబడిపోయేది, ఎవరైనా వచ్చి తీయాలన్నట్టు. తోసుకుని రా అని నేను లోపల్నుంచి కేకేసేదాన్ని. ఆ కేక వేయడం మానేసి ఎన్నాళ్లయిందో గుర్తులేదు.

మొన్న జూన్‌లో, బడులు తెరిచిన వారం, ఒక పిల్ల బడిలో ఇచ్చిన యూనిఫాం గుడ్డ సంచిలో పెట్టుకుని వచ్చింది. తొమ్మిదో తరగతి. "మా అవ్వ ఇక్కడే కుట్టించుకోమనింది. కుట్టుకూలి ఎంతో అడిగి రమ్మనింది" అంది, నా వైపే చూస్తూ. వెనక మిషన్ ఆగిపోయింది.

నేను టేపు తీయలేదు. ఆమే లేచొచ్చింది. పిల్ల రెండు చేతులూ పక్కలకు చాపి నిలబడింది. భుజం, చేతి పొడుగు, నడుము. ఒక్కొక్క కొలతా ఆమె పైకి చెప్తుంటే నేను పుస్తకంలో రాసుకున్నాను. పిల్ల పోయాక గుడ్డ పరిచి సుద్దతో గీత గీసింది. ఆ గీతకు బయట మళ్లీ ఇంకో గీత గీసింది.

"లోపల రెండంగుళాలు వదులుతానక్కా. ఎదిగే పిల్ల. సంక్రాంతికి విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు."