వెనుకనున్నవాని నడక

ధ్యానభాగములు: ఆదికాండము 33:12–14, లూకా 2:41–46



సార్వా కోతలు ముగిసిన తరువాత మన కోనసీమ సంఘములలోని యౌవనస్థులు ఒకదినము కలిసి ఎక్కడికైనను వెళ్లవలెనని కోరుట మంచిదే. కొందరికి కడప సీమలోని గండికోటను చూడవలెనని ఆశ. కొబ్బరితోటలకును కాలువగట్లకును అలవాటుపడిన మన కన్నులకు ఆ చోటు క్రొత్తలోకమే. అక్కడ పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని పారుచున్నది. ఇరువైపుల ఎర్రరాళ్లు పలకమీద పలక పేర్చినట్లు నిలువుగా లేచియున్నవి. కొండలోని ఆ గండినిబట్టియే కోటకు ఆ పేరు కలిగెను. అంచున నిలిచి చూచువాడు సృష్టికర్తను స్తుతింపకుండ ఉండలేడు.

అయితే గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని ప్రభువు నేర్పెను (లూకా 14:28). ఒకదినపు నడకకును ఆ లెక్క కావలెను. మన సీమలో దాహమైన యెడల దాపుననే నుయ్యి యున్నది; కొబ్బరిబొండమైనను దొరకును. అక్కడి రాతినేలమీద నీరును నీడయు అరుదు. కాబట్టి వేసవిలో వెళ్లరాదు. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు తగిన కాలము. ముందటి రాత్రికే జమ్మలమడుగు చేరవలెను. అచ్చటినుండి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. లండన్ మిషను వారు కాంప్‌బెల్ ఆసుపత్రిని నెలకొల్పినది ఆ ఊరిలోనే. ఎవరికైనను జబ్బుచేసిన యెడల ఏ వైద్యునియొద్దకు పోవలెనో ముందుగానే తెలిసికొని యుండుడి.

తెల్లవారగానే నడక ప్రారంభింపవలెను. కోటద్వారమునుండి లోయ అంచువరకు దూరము స్వల్పమే. పాత మసీదును, ధాన్యపుకొట్టును, పాడుబడిన రంగనాథాలయమును చూచుచు నెమ్మదిగా పోవచ్చును. మనిషికి రెండు లీటర్ల నీరైనను ఉండవలెను. మూటలో పులిహోర, అరటిపండ్లు, తలకు గుడ్డ, కాళ్లకు దిట్టమైన చెప్పులు చాలును. చివరనున్న బండలమీద పాదము జారును. అంచు పొడవునను అడ్డుగోడ లేదు. ఫోటో కొరకు అంచుకు పోరాదు. గోదావరిలో ఈదినవారమను ధైర్యముతో లోయలోనికి దిగరాదు. ఎండ ముదరకముందే తిరిగి రావలెను.

ఇదంతయు సులభమే. కష్టమైన ప్రశ్న వేరొకటి యున్నది: ఎవరి నడకనుబట్టి మనము నడువవలెను?

ఏశావు తన తమ్ముని కలిసికొని, కలిసి ప్రయాణము చేయుదమనెను. అతనితో నాలుగువందలమంది మనుష్యులుండిరి. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారనియు, మందలలో పాలిచ్చునవి యున్నవనియు, ఒక్కదినము వడిగా తోలినను మంద చచ్చుననియు చెప్పి, అన్నను ముందు పొమ్మనెను. తాను పిల్లలు నడువగలిగినంత మెల్లగా వచ్చెదననెను. ఈ మాట పలికినవాడెవడో మరువకుడి. ముందటి రాత్రియే యబ్బోకు రేవునొద్ద పెనుగులాడి తొడగూడు వసిలి, కుంటుచు వచ్చినవాడు! తన కాలు కుంటుపడినవానికి బలహీనుని అడుగు తెలిసెను. సంఘమును నడిపించుటకు బలిసిన కాళ్లకంటె ఇట్టి జ్ఞానము అవసరము.

మరియొక దినప్రయాణమును లూకా వ్రాసెను. పస్కాపండుగ ముగిసి యింటికి పోవుచు, బాలుడైన యేసు గుంపులో ఉన్నాడనుకొని తలిదండ్రులు ఒకదినమంత నడిచిరి. ప్రేమ లేక కాదు, లెక్క చూడక. ఆ ఒక్కదినపు "ఉన్నాడులే" అను తలంపునకు మూడుదినముల వెదకులాట వచ్చెను. కాబట్టి బయలుదేరునప్పుడును, ద్వారమునొద్దను, అంచునొద్దను, తిరిగి బండి యెక్కునప్పుడును తలలు లెక్కింపుడి. అందరికంటె మెల్లగా నడుచువారిని ముందు నడువనిండి. అప్పుడు ఎవరును వెనుకబడరు.

ప్రియులారా, వెనుకబడుట కొండమీదనే ఆరంభము కాదు. చందా వసూలు చేయునప్పుడే ఆరంభమగును. "నాకు ఆ రోజు పనియున్నది" అని ఒక పడుచువాడు చెప్పును. అతనికి పని లేదు, డబ్బు లేదు. తల్లి కువైటులో ఇండ్లపనికి పోగా అమ్మమ్మయొద్ద పెరుగుచున్న చిన్నది అడుగుటకు సిగ్గుపడి, బస్సు పడదని చెప్పును. కాలు సరిగాలేని సహోదరుని మనమే అడుగము. రాలేడని మనమే తీర్పు తీర్చుదుము. ముందు సీటులో కూర్చుండి పాటలు పాడుకొనుచు పోవు మనకు వీరి ఖాళీస్థలము కనబడదు. మందలో నూరింటిలో ఒకటి తగ్గెనని కాపరికి తెలిసినది, అతడు లెక్కించినందుననే గదా!

పెద్దలు ఈ రెండు పనులు చేయవలెనని మా మనవి. చందా ఇంతయని నిర్ణయింపక, మూతపెట్టిన పెట్టెలో ఎవరికి కలిగినది వారు వేయునట్లు చేయుడి. ఎవడు ఎంత వేసెనో ఎవరికిని తెలియనక్కరలేదు. రానివారి యింటికి ఇద్దరు నడిచిపోయి, "నీవు లేక మేము పోము" అని చెప్పుడి. అందరికిని గండికోట దూరమైన యెడల అంతర్వేది సముద్రతీరమునకు పోవుడి. ఎర్రరాళ్లు లేకపోయినను అక్కడ దేవుని మహిమకు కొదువలేదు. అందరు చేరిన చిన్నప్రయాణము సగముమంది చేసిన గొప్పప్రయాణముకంటె శ్రేష్ఠము.

లేచిన దినమున ప్రభువు ఎమ్మాయు మార్గమున దుఃఖముఖులైన యిద్దరి ప్రక్కకు వచ్చి, వారి నడకనే నడిచెను. ఆయన వడిగా పోయినయెడల వారి కన్నులు ఎట్లు తెరువబడును? మనతోకూడ అంత ఓర్పుగా నడుచుచున్న ఆయన, మనమును ఒకరికొరకు ఒకరము ఆగుటకు మనకు కృప దయచేయునుగాక. ఆమేన్.