జారడం వేరు, అరగకపోవడం వేరు

"మోకాళ్లలో గుజ్జు అరిగింది." మేడ్చల్, శామీర్‌పేట ఊళ్లలో పెద్దవాళ్లు ఉన్న ఇంట ఈ మాట మామూలే. శివరాత్రికి కీసరగుట్ట మెట్లెక్కేవాళ్లకు దాని అర్థం ఇంకా బాగా తెలుసు. అరిగిన కీలు చోట పెట్టే కోబాల్ట్‌-క్రోమియం కృత్రిమ మోకీలు ధరను 2017 ఆగస్టులో కేంద్రం 54,720 రూపాయలకు కట్టడి చేసింది, పన్ను అదనం. ఆస్పత్రి బిల్లు అంతటితో ఆగదనుకోండి, అది వేరే సంగతి.

ఈ మోకాళ్ల నొప్పులతోనే కుర్చీల్లో కూర్చుని వినే ప్రవచనాల్లో తామరాకు తరచూ వస్తుంది. గీత ఐదో అధ్యాయంలోని ఉపమానం అది. నీళ్లలోనే ఉంటుంది, తడి అంటదు. సంసారంలో మనిషీ అలా ఉండాలంటారు. అంటే దేనికీ పట్టుబడకుండా జారిపోవడమేనా వైరాగ్యం?

జారిపోవడాన్నే నమ్ముకుని దెబ్బతిన్న శస్త్రవైద్యుడొకరున్నారు. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ 1950ల చివర్లో కృత్రిమ తుంటి గిన్నెకు టెఫ్లాన్ వాడారు. దోసెల పెనానికి పూసేది అదే. ఘన పదార్థాల్లో అంత నున్ననివి తక్కువ. రోగులు హాయిగా నడిచారు. రెండు మూడేళ్లకే గిన్నెలు అరిగి, ఆ పొడి చుట్టూ కండలో గడ్డలు కట్టాయి. ఘర్షణ తక్కువే, అరుగుదల మాత్రం విపరీతం! 1962లో ఆయన అంత నున్నన కాని పాలిథిలిన్‌కు మారారు. అది నిలిచింది. నేటి కృత్రిమ మోకీలులోనూ లోహం కదిలేది ఆ జాతి ప్లాస్టిక్ మీదే.

పుట్టుకతో వచ్చిన మోకీలు మాత్రం వీటన్నిటికన్నా నున్నన. దాని ఉపాయం టెఫ్లాన్‌కు పూర్తిగా ఎదురు. గుజ్జులో ఎక్కువ భాగం నీరే. బరువు పడగానే ఆ నీరే భారాన్ని మోస్తూ మెల్లగా బయటికి ఊరుతుంది, కాలు ఎత్తగానే మళ్లీ లోపలికి ఇంకుతుంది. అంటకపోవడం కాదు, నిండా నానడమే దాని బలం. గీత మూడో అధ్యాయం ఆదర్శంగా చూపిన జనకుడూ అడవికి పోయినవాడు కాదు, రాజ్యం మోసినవాడు. ప్లాస్టిక్ ముక్క నుంచి వేదాంతం లాగడం అతి అనేవాళ్లు అనవచ్చు. తామరాకు నుంచి లాగినప్పుడు ఎవరూ అనలేదు.

కొత్త మోకీలులో డాక్టరు కందెన పోయడు. ఆపరేషన్ తర్వాత శరీరమే దాని చుట్టూ కొత్త పొర అల్లి ద్రవాన్ని ఊరిస్తుంది. లోహం నానదు కాబట్టి ఆ ద్రవం పైపైనే పలచగా నిలుస్తుంది. నెమ్మదిగా లేచేటప్పుడు రెండు ముఖాలూ ఒరుసుకుంటాయి, ప్లాస్టిక్ కొద్దికొద్దిగా అరుగుతుంది.

చార్న్‌లీ మాత్రం తన తప్పు నుంచి జారిపోలేదు. టెఫ్లాన్ పొడినీ, పాలిథిలిన్ పొడినీ తన తొడలోకే ఎక్కించుకున్నారు. తొమ్మిది నెలల తర్వాత టెఫ్లాన్ చోట గడ్డలు చేతికి తగిలాయి, పాలిథిలిన్ చోట ఏమీ తగల్లేదు. ఆ సంగతి 1963లో ఆయనే వైద్యపత్రికలో రాశారు.