చెట్టుకప్పయు కొంగయు

ధర్మాధర్మములు సర్వప్రాణుల స్వభావమునందున్నవా, లేక మనుష్యుని బుద్ధియందు మాత్రమే యున్నవా? పాపాఘ్ని పెన్నలో గలియు కమలాపురపు మెట్టసీమలో, చెఱువుగట్టుననే యీ ప్రశ్నను విచారింపవచ్చును.

వానకారున చెట్టుకప్ప నీటిపైకి వంగిన కొమ్మకు నురుగుగూడు కట్టి యందు గ్రుడ్లు పెట్టును. వెలుపలి నురుగు గట్టిపడి లోపలి తేమను కాపాడును. కొన్నిదినములకు తోకకప్పలు జాఱి క్రింది నీటిలో పడును. ఆ నీటియంచుననే కొంగ కదలక నిలిచి చేపను ముక్కున బట్టి మ్రింగును. కప్ప దొరకినను విడువదు.

మనము కప్పను సాధువందుము. కపటభక్తికి కొంగజపమని పేరు పెట్టితిమి. జపము చేయుచున్నానని కొంగ యెవ్వరితో జెప్పినది? చెట్టుకప్పయు రాత్రివేళ పొంచియుండి పురుగులను తినునదియే గదా! పురుగు చచ్చిన మనకు నష్టము లేదు. చేప మన కంచమునకు రావలసినది. మన లాభనష్టములనే ధర్మాధర్మములని పిలుచుచున్నాము.

సాధువన్న కప్పకైనను మనవలన సుఖము గలదా? కఱవునాడు కప్పతల్లి యని పేరిడి, కప్పను రోకటికి గట్టి, యింటింట నీళ్లు పోయించి వాన నడుగు నాచారము రాయలసీమలో గలదు. ఆ రోకలి మోయు చేతులు పలుగుపాఱలు పట్టి చెఱువు పూడిక తీసినచో, వచ్చిన వానయైనను నిలుచును.

ఐనచో హింసయందు దోషమే లేదందురా యని కొందఱడుగవచ్చును. అట్లుగాదు. కొంగకు వేఱు మార్గము లేదు, మనకు గలదు. మార్గము నెన్నుకొనగల వానికే దోషమును, పుణ్యమును.

అట్లెన్నుకొన్నవారు మన సీమలోనే యున్నారు. చిలమత్తూరు దగ్గఱి వీరాపురమునకు ఏటేట ఎఱ్ఱకాళ్ల కొంగలు వచ్చి, యూరి చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. గ్రామస్థులు వానిని తఱుమరు, ఇతరులను వేటాడనీయరు. ఆ పక్షులు మత్స్యాహారులని యెఱిగియే ఆశ్రయమిచ్చుచున్నారు.

కావున గృహస్థులారా! కప్ప మంచిది, కొంగ దొంగది యని బిడ్డలకు నేర్పుట మానుడు. గట్టుమీది కొమ్మ నఱకిన కప్పకు గూడు లేదు. చెఱువు పూడిన కొంగకు కూడు లేదు. ఆ కొమ్మను, ఆ చెఱువును నిలుపుట మన ధర్మమని నేర్పుడు.