మతం గడిలో ఏం చెప్పాలి?

2021లో జరగాల్సిన జనగణన 2027లో జరగబోతోంది. ఎన్యూమరేటరు మన గూడేలకూ వస్తారు. మతం ఏమిటని అడుగుతారు. కొన్నిచోట్ల అడగకుండానే, పేరు చూసి ఒక అంకె వేసుకుని వెళ్ళిపోతారు. ఆ గడి ముందు మనలో ఇద్దరికి చిక్కు వస్తుంది. ఒకరు, చదువుకుని ఏ దేవుణ్నీ నమ్మనని చెప్పే యువకుడు. రెండోవారు, వేల్పును కొలుస్తూ కూడా తమది ఫలానా మతమని ఎన్నడూ అనుకోని పెద్దవాళ్ళు. వీళ్ళు ఏం చెబితే నిజం చెప్పినట్టు?

ముందు లెక్కలు చూద్దాం. 2011 ఫారంలో హిందూ, ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన మతాలకు 1 నుంచి 6 వరకు అంకెలున్నాయి. మిగతావాళ్ళు పేరు పూర్తిగా చెప్పి రాయించుకోవాలి. 'ఇతర మతాలు, విశ్వాసాలు' అనే లెక్కలోకి వచ్చినవాళ్ళు దేశమంతటా సుమారు 79 లక్షలు. అందులో 'సర్నా' అన్నవాళ్ళు 49 లక్షల పైచిలుకు, ఎక్కువమంది జార్ఖండ్ వాళ్ళు. గోండు మతం అన్నవాళ్ళు సుమారు 10 లక్షలు. నాస్తికులమన్నవాళ్ళు 33 వేలు. ఆ ఏడు షెడ్యూల్డు తెగల జనాభా 10 కోట్ల 40 లక్షలు దాటింది. మిగిలిన కోట్లమందిలో ఎందరు తమ నోటితో చెప్పారో, ఎందరికి వేరొకరు రాశారో ఎవరూ తేల్చలేరు.

నోరు విప్పకపోవడానికి ఒక కారణం భయం. వేరే పేరు చెబితే ఎస్టీ సర్టిఫికెట్టు పోతుందేమోనని. పోదు. షెడ్యూల్డు కులాల విషయంలో 1950 నాటి ఉత్తర్వు మతాన్ని చూస్తుంది. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. హిందువన్నా, క్రైస్తవుడన్నా, మతం లేదన్నా ఆదివాసీ ఆదివాసీయే. పైగా 1948 జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం మన వివరాలను ఎవరికీ చూపించకూడదు, కోర్టులో సాక్ష్యంగానూ వాడకూడదు.

ఇక అసలు ప్రశ్న. ఏ దేవుణ్నీ నమ్మక, ఏ పూజకూ వెళ్ళని మనిషి 'మతం లేదు' అని చెప్పాలి. అదేమీ మనకు పరాయి మాట కాదు. గోరా 1940లోనే ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. మన సంఖ్య పెరగాలని ఆ యువకుడి చేత తెగ ధర్మం పేరు చెప్పిస్తే, ఇన్నాళ్ళూ మనల్ని అడగకుండా రాసినవాళ్ళు చేసిన పనే మనమూ చేసినట్టు.

కాని నమ్మకం లేకపోయినా కొత్త పండుగ అయ్యేదాకా కొత్త చిక్కుడుకాయ నోట పెట్టనివాడు, గట్టు చూసుకునే పెళ్ళి కలుపుకునేవాడు, చనిపోయిన పెద్దలకు చేయాల్సింది చేసేవాడు ఉన్నాడు. అతను తన తెగ ధర్మం పేరు చెబితే అబద్ధమవుతుందా? కాదంటాను. పండుగనాడు గూడెంలో 'నువ్వు నమ్ముతున్నావా' అని ఎవరూ ఎవరినీ అడగరు. వచ్చావా, నీ వంతు తెచ్చావా అనే చూస్తారు. మన దారి నడిచేదే గాని ఒప్పచెప్పేది కాదు. మతమంటే నమ్మకమేనన్న కొలత వేరేచోట తయారైంది, ఆ కొలతతో మనల్ని మనం తక్కువ చేసుకోనక్కర్లేదు. చర్చికి వెళ్ళే మనవాళ్ళు క్రైస్తవమని చెప్పడమూ అంతే నిజం. దానికి వాళ్ళను వెలివేసినట్టు చూడకూడదు.

అందరూ ఒకే పేరు చెబితే బలం వస్తుందని కొందరంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. జార్ఖండ్ శాసనసభ 2020 నవంబరులో సర్నాకు వేరే కోడ్ కావాలని తీర్మానం చేసిందంటే వెనుక ఆ సంఖ్య ఉంది. అయితే సర్నా అంటే అక్కడివాళ్ళ పవిత్ర వనం. మన గూడెంలో ఎవరి నోటా లేని పేరును పైనుంచి తెచ్చి పెడితే, బ్రిటిషువాళ్ళు పెట్టిన 'ఎనిమిస్టు' అనే పేరుకూ దానికీ తేడా ఏముంది? పేరు ఏదో ముందుగా గ్రామసభలో పెద్దలూ యువకులూ కూర్చుని మాట్లాడుకోవాలి. చెప్పడం మాత్రం ఎవరిష్టం వారిది.

ఇంకో సంగతి. ఇంటిల్లిపాదికీ సాధారణంగా ఒక్కరే జవాబు చెబుతారు. అందుకని యువకులు తమ మాట ఇంట్లో ముందే చెప్పి ఉంచాలి. ఇంటిపెద్ద కూడా 'మా అందరిదీ అదే' అనేయకుండా ఒక్కొక్కరి మాట ఒక్కొక్కరికి రాయించాలి.

చివరిగా తోటి ఉపాధ్యాయులకు. ఎన్యూమరేటర్లుగా వెళ్ళేది చాలావరకు మనమే. పేరు చూసి, బొట్టు చూసి, గోడమీద పటం చూసి రాయొద్దు. అడగండి. అర్థం కాకపోతే వాళ్ళ భాషలో మళ్ళీ అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి, రాసింది చదివి వినిపించండి. 'మతం లేదు' అని చెప్పినా సరే, అలాగే రాయండి.