విభీషణ శరణాగతి - విచారణ ధర్మము

కొండగట్టున ఆంజనేయుని దర్శించు భక్తులు సముద్రలంఘనమును, లంకాదహనమును, సంజీవని తెచ్చుటను చెప్పుకొందురు. ఆ స్వామి ఒక విచారణసభలో పలికిన మాటలను తలచువారు తక్కువ. యుద్ధకాండములో సముద్రపు ఉత్తరతీరమున జరిగిన సభ యది. శరణని వచ్చినవానిని కాదనుటకు ముందు చేయవలసినదేమి యను ప్రశ్న అచట పుట్టినది.

రావణుని విడిచి నలుగురు అనుచరులతో వచ్చిన విభీషణుడు ఆకాశముననే నిలిచి, తానెవరో, అన్నకు తానేమి హితము చెప్పెనో, ఎట్లు అవమానితుడయ్యెనో తన నోటనే విన్నవించుకొనెను. వీడు శత్రువు పంపినవాడు, వధింపదగినవాడని సుగ్రీవుడనెను. ఇందుకు సుగ్రీవుని నిందించుట తగదు. సేనను కాపాడవలసినవానికి అనుమానము కర్తవ్యమే. గుణదోషములు పరీక్షింపుమని అంగదుడు, వేగును పంపుమని శరభుడు చెప్పిరి. తగని చోటికి తగని వేళ వచ్చినాడని జాంబవంతుడు శంకించెను. మెల్లగా ప్రశ్నించి చూడవలెనని మైందుడనెను.

హనుమంతుడు వీరి మాటలను ఒక్కొక్కటిగా తీసికొని సమాధానము చెప్పెను. అకస్మాత్తుగా ప్రశ్నించినచో బుద్ధిమంతుడును శంకించును. మిత్రుడగుటకు వచ్చినవాడును ఆ ప్రశ్నల చేతనే దూరమగును. రావణుని దౌష్ట్యమును, రాముని పరాక్రమమును ఎరిగి వచ్చినవానికి ఇదియే తగిన వేళ. కపటి ఇంత స్వస్థచిత్తుడై ఎదుటికి రాడు. ఇతని ముఖమునందు, మాటయందు దోషము కానరాదు. కాగితముపై వ్రాసిన విన్నపమున కంఠస్వరము వినబడదు గదా! తడబడినంత మాత్రమున అబద్ధమాడినట్లు తలచు విచారణాధికారులు ఈ ఘట్టమును చదువదగును.

శరణన్నవారికి అభయమిచ్చుట రాముని వ్రతము. అది ముందే నిశ్చితమైనపుడు ఇంత సభ యెందులకు? వాల్మీకి దీనికి సర్గలే వెచ్చించెను. ఆశ్రయమిచ్చుట దయ కావచ్చును. వినుట మాత్రము దయ కాదు, తీర్చవలసిన ఋణము. సుగ్రీవుని అనుమానమును సైతము రాముడు త్రోసివేయలేదు, హేతువు చెప్పి ఒప్పించెను.

నేటి న్యాయస్థానములు చేయునదియు ఇట్టిదే. ఆశ్రయము నిరాకరింపబడినవాడు కోర్టును చేరినపుడు న్యాయమూర్తి సాధారణముగా అధికారి స్థానమున తాను కూర్చుండడు. కాదన్నవారు ఇతని మాట వినిరా, కారణము తెలిపిరా యని చూచును. 1985 ఏప్రిల్ 4న కెనడా సుప్రీంకోర్టు, మన దేశపు సిక్కులు మొదలగువారి వ్యాజ్యమున, మనిషి మాట నమ్మదగినదా యను ప్రశ్న వచ్చినపుడు అతనిని ఎదుట నిలిపి వినవలెనని తీర్పు చెప్పినది. భారతదేశము 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో చేరలేదు. ఆశ్రయమునకు ప్రత్యేక శాసనమును లేదు. అయినను 1996లో చక్మాల విషయమున మన సుప్రీంకోర్టు, ప్రాణరక్షణ పౌరులకే గాక ఈ నేలపైనున్న ప్రతి మనిషికిని కలదనెను. వారి పౌరసత్వపు దరఖాస్తులను స్థానికాధికారులు పైకి పంపక ఆపరాదనియు ఆదేశించెను.

ఆదిలాబాదు అడవులలో ఈ ప్రశ్న మరింత దారుణముగా కనబడును. అచటి గోండులు, కోలాములు పరదేశులు కారు. తమ కాళ్ళ క్రింది నేలకే దరఖాస్తు పెట్టుకొనవలసి వచ్చినవారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగిన తరువాత గాని నిజాం ప్రభుత్వము వారి కష్టములను విచారించుటకు హైమన్‌డార్ఫ్‌ను నియోగింపలేదు. యుద్ధకాలమున శత్రుదేశీయుడని నిర్బంధమునకు లోనైన ఆ ఆస్ట్రియా పండితుడే వారి మాట వినెను. తుపాకి ముందు, విచారణ తరువాత!

2006 అటవీహక్కుల చట్టము ఈ క్రమమును సరిదిద్దబూనినది. దరఖాస్తు మొదట గ్రామసభకు రావలెను. కాదన్నచో ఆ సంగతి అర్జీదారునకు తెలుపవలెను. పై సంఘమునకు చెప్పుకొనుటకు 60 దినముల గడువు కలదు. ఆచరణలో ఇది అంతటను జరుగలేదు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరింపబడినవారిని అడవులనుండి తొలగింపుమని పలు రాష్ట్రములను ఆదేశించెను. పదునైదు దినములకే, ఫిబ్రవరి 28న, ఆ ఆదేశమును నిలిపి రాష్ట్రములను ప్రశ్నించెను: ఏ పద్ధతిని తిరస్కరించితిరి? సాక్ష్యము చూపుకొనుటకు వారికి అవకాశమిచ్చితిరా? కారణములు వ్రాసితిరా?